ముందు వరసలో ఇంకొక కుర్చీ

మేడమీది వాటాలో ముందు గది. కిటికీ పక్కన, బడి నుంచి ఏనాడో రిటైరైన పెద్ద టీచరు కూర్చుని ఉన్నారు. గుమ్మం దగ్గర, చేతిలో ఫైలుతో, ఒకప్పటి ఆమె విద్యార్థిని నిలబడి ఉంది. ఇప్పుడామె ప్రభుత్వం తరఫున రోజూ టీవీలో మాట్లాడే మనిషి.

“రేపటి సంతాప సభలో మీ కుర్చీ మంత్రిగారి పక్కన కాదు టీచర్. మంత్రిగారి పక్కన సైన్యాధికారి, ఆయన పక్కన మత పెద్దలు, వాళ్ళ తర్వాత ఉపమంత్రిగారు, ఆ తర్వాత మీరు. కానీ ముందు వరసే. అది మాత్రం నేను పోట్లాడి సాధించాను.”

“పోట్లాడావా.”

“చాలా పోట్లాడాను. మొదట మిమ్మల్ని రెండో వరసలో వేశారు.”

“పోయింది మా మేనకోడలు, మీరంతా నిచ్చెన అని పిలిచే పిల్ల. ముందు వరస మీ వాళ్ళదా?”

“అలా కాదు టీచర్. ప్రోటోకాల్ అని ఒకటుంటుంది.”

“ఉండాలి. విమానాలు కూల్చేవాళ్ళకి ఆ మాత్రం మర్యాద తెలియకపోతే ఎలా. కూర్చో చిలకా.”

“వద్దు టీచర్, కింద కారు ఆగి ఉంది. సైకిల్ షాపుకి అడ్డంగా పెట్టాడు మా డ్రైవరు. ఆ షాపాయన అప్పుడే గొణుగుతున్నాడు. రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాను.”

“నీ ఇష్టం. ఆ బూట్లు తొక్కకు. అవి దానివి. ఆ బీరువా వైపు కూడా వెళ్ళకు, పొద్దున గ్లాసు పగిలింది. ఎంత ఊడ్చినా పెంకులు తగులుతూనే ఉన్నాయి.”

“అయ్యో. మీ చేతిలోంచి జారిందా?”

“జారలేదు. ఒకావిడ విసిరింది.”

“విసిరిందా? మీ ఇంట్లోనా?”

“కొడుకు పోయాడు ఆవిడకి, అదే విమానంలో. విసిరింది. విసిరిన మరుక్షణం ‘నేనే విసిరాను, తప్పయిపోయింది’ అంది. వినడానికి ఎంత హాయిగా ఉందో. చేసిన మనిషి, చేశానని, తన నోటితో చెప్పింది. విచారణ సంఘం అక్కర్లేకపోయింది.”

“...అంటే పొద్దున వాళ్ళంతా మీ ఇంటికొచ్చారా? పోయినవాళ్ళ తాలూకు?”

“వచ్చారు. పట్టినంతమంది గదిలో, పట్టనివాళ్ళు మెట్ల మీద.”

“ఏం మాట్లాడుకున్నారు?”

“అది కనుక్కోమని పంపారా నిన్ను?”

“లేదు టీచర్. ఊరికే అడిగాను.”

“నువ్వు ఊరికే ఏదీ అడగవు. చిన్నప్పుడూ అంతే. ‘టీచర్, రేపు పరీక్షా?’ అని అడిగావంటే పుస్తకం ఎక్కడో పారేసుకుని వచ్చావని అర్థం.”

“మీరు ఏదీ మర్చిపోరు.”

“మర్చిపోవడం మీ ఉద్యోగం. నాది కాదు.”

“లోపల ఎవరో ఉన్నట్టున్నారు. చప్పుడవుతోంది.”

“గ్లాసులు కడుగుతున్నారు. అంతమంది తాగారు కదా.”

“పనిమనిషిని పెట్టుకున్నారా? మంచి పని చేశారు. ఈ వయసులో మీరొక్కరే...”

“నా వయసు సంగతి అలా ఉంచు. మీ చంటి ఎలా ఉన్నాడు?”

“ఎవరు?”

“ఎవరేమిటి. నీ తమ్ముడు. నీకెంతమంది తమ్ముళ్ళున్నారు?”

“ఓ, చంటా. బాగున్నాడు. బాగానే ఉన్నాడు.”

“సైన్యంలోనే ఉన్నాడుగా ఇంకా?”

“ఉన్నాడు. ఏదో ట్రైనింగు. ఊళ్ళో లేడు.”

“ఊళ్ళో లేడు.”

“లేడు టీచర్. ఎక్కడో దూరం. ఫోన్లు కూడా పని చెయ్యవక్కడ. సరే, రేపటి సంగతి చెప్పనా?”

“చెప్పు.”

“కారు వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటుంది. హాల్లో కుర్చీలన్నిటికీ తెల్ల గుడ్డలు తొడుగుతారు. మీరు ఏమీ మాట్లాడక్కర్లేదు. ఉపమంత్రిగారు పూలు పెడతారు, అందరూ లేచి కాసేపు మౌనం, మళ్ళీ కూర్చుంటారు, నేను ప్రకటన చదువుతాను. అంతే. అయిపోతుంది.”

“అయిపోతుంది.”

“అంటే, కార్యక్రమం.”

“కుర్చీలకి తెల్ల గుడ్డలెందుకు?”

“టీవీలో బాగుంటుంది.”

“కిందటి ఆదివారం శవపేటికల మీద కప్పినవీ తెల్లవేగా. అవేనా, కొత్తవి కుట్టించారా?”

“టీచర్, దయచేసి.”

“తెలుసుకుందామని అడిగాను. ప్రభుత్వం పొదుపుగా ఉంటే సంతోషమే.”

“మీరు వస్తే అందరూ వస్తారు టీచర్. మీరు రానంటే ఒక్కళ్ళు కూడా రారు. నాకు తెలుసు. అందుకే...”

“అందుకే పోట్లాడావు.”

“నా ఉద్యోగం అలాంటిది.”

“వస్తాను. అందరం వస్తాం. కంగారు పడకు. కానీ నా పక్కన ఇంకొక కుర్చీ కావాలి.”

“ఇంకొకటా? ఎవరికి?”

“నాతో వచ్చే మనిషికి.”

“ఫోటో పెడతారా? నిచ్చెన ఫోటో? ఇంకో కుటుంబం వాళ్ళూ అదే అడిగారు టీచర్. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఖాళీ కుర్చీ మీద ఫోటో కనిపిస్తే చూసేవాళ్ళకి మనసు అదోలా అవుతుందట.”

“కాకూడదు కదా పాపం. నా కుర్చీ ఖాళీగా ఉండదులే.”

“అయితే మనిషేనా? పాస్ కావాలి మరి. పేరు చెప్పండి, రాసుకుంటాను.”

“వెళ్ళేటప్పుడు చెప్తాను. ముందు కుర్చీ సంగతి చూడు.”

“ముందు వరసలో చోటు లేదు... సరే, మత పెద్దల్లో ఒకరిని వెనక్కి జరుపుతాను.”

“జరుపు. వెనక వరస నుంచి ప్రార్థించినా దేవుడికి వినపడుతుంది. మీ ఉపమంత్రిని జరిపావంటే మాత్రం ఆయనకి వినపడదు.”

“అదేగా నా బాధ కూడా.”

“సరే. ఆ ప్రకటనలో మా పిల్ల గురించి ఏం రాశారు?”

“గౌరవంగానే ఉంది టీచర్.”

“చదువు.”

“ఇప్పుడా? రేపు ఎలాగూ వింటారు కదా.”

“ఉపన్యాస పోటీలకి నిన్ను తయారుచేసింది నేను. రిహార్సలు లేకుండా నిన్ను ఒక్కసారైనా స్టేజి ఎక్కనిచ్చానా? చేతులు వెనక్కి కట్టుకో. గడ్డం పైకి.”

“టీచర్, నేనిప్పుడు చిన్నపిల్లని...”

“గడ్డం పైకి.”

“...‘శాంతికి కట్టుబడిన మన గగనతలంలో ఒక దురదృష్టకరమైన ఘటన...’”

“ఆగు. శాంతికి కట్టుబడిన గగనతలంలో ఆ క్షిపణి ఏం చేస్తోంది? గాలి పీల్చుకోవడానికి వెళ్ళిందా?”

“మధ్యలో ఆపితే నాకు తప్పిపోతుంది టీచర్.”

“కాగితం నీ చేతిలోనే ఉందిగా. కానీ.”

“‘...పౌర విమానం ఒకటి తన నిర్ణీత సమయానికి కాక వేరే సమయంలో రక్షణ ప్రాంతం మీదికి వచ్చింది. పదేపదే హెచ్చరించినా విమానం నడుపుతున్నవారి నుంచి సమాధానం లేదు. ఆ గందరగోళంలో...’”

“విమానం నడుపుతున్నవారు. అంటే మా పిల్ల.”

“పేరు లేదు టీచర్. ముందు ఉంది. నేనే కావాలని తీయించాను.”

“ఎంత దయ. నడిపింది ఎవరో లోకమంతటికీ తెలుసు. నువ్వు పేరు దాచి పెట్టావు.”

“పైలట్లు ఇద్దరు ఉంటారు కదా. నిచ్చెనే అని ఎవరూ అనుకోనక్కర్లేదు.”

“రెండో అతనికి తల్లి ఉంది. ఆవిడ దగ్గరికి కూడా వెళ్ళి, పైలట్లు ఇద్దరు కదా, మీవాడే అని ఎవరూ అనుకోనక్కర్లేదు అని చెప్పి వచ్చావా?”

“...వెళ్ళాను.”

“చెప్పావా?”

“అచ్చం అలాగే చెప్పలేదు.”

“కొంచెం మార్చి చెప్పావు.”

“టీచర్, నన్ను బోనులో నిలబెట్టారా మీరు?”

“కూర్చోమనే చెప్పాను. నువ్వే నిలబడ్డావు. ఆ విమానం వేళ తప్పింది అన్నావు. ఎందుకు తప్పింది?”

“నిర్వహణపరమైన కారణాలు.”

“మనుషులు మాట్లాడుకునే మాటల్లో చెప్పు.”

“...ఒకరి కోసం ఆపారు.”

“ఎవరి కోసం?”

“మీకు తెలిసే అడుగుతున్నారా?”

“తెలిసే అడుగుతున్నాను. టీచర్లు తెలియనివి అడగరు. ఎవరి కోసం?”

“ఉపమంత్రిగారి కోసం.”

“‘అత్తా, ఎవరో పెద్దమనిషట, ఇంకా ఇంట్లో గడ్డం గీసుకుంటున్నాడట. ఆయన వచ్చేదాకా కదలొద్దన్నారు. పసిపిల్లలు ఏడుస్తున్నారు, ముసలాళ్ళు నీళ్ళడుగుతున్నారు. నాకోసం కాచుకోకు, అన్నం తినేసి పడుకో’ అని ఫోన్ చేసింది. అదే ఆఖరు. వచ్చాడా ఆయన?”

“రాలేదు. కార్యక్రమం మార్చుకున్నారు.”

“మార్చుకున్నట్టు విమానం వాళ్ళకి చెప్పాడా?”

“చెప్పారు. కాస్త ఆలస్యంగా.”

“గడ్డం గీసుకోవడం పూర్తయ్యాక. రేపు నా పక్కన కూర్చునేది ఆయనేనా?”

“...ఆయనే.”

“ఈసారైనా వేళకి వస్తాడా, లేక పోయినవాళ్ళని కూడా కాసేపు ఆగమంటాడా?”

“ఆయన చాలా బాధపడుతున్నారు టీచర్. నిజంగా. అన్నం సయించడం లేదని వాళ్ళావిడ చెప్పింది.”

“మా ఇంట్లో కూడా ఎవరికీ సయించడం లేదని చెప్పు. హారన్ మీ కారుదేనా?”

“మాదే. ఉండనివ్వండి. షాపాయనతో ఏదో తగువు పడుతున్నట్టున్నాడు.”

“పడనీ. ఇంకొకటి అడుగుతాను. సరిహద్దులో ఫిరంగులు మోగుతున్నాయి. ఆకాశాన్ని మూసెయ్యొచ్చు కదా? ప్రయాణికుల విమానాలు అటు పోవద్దనడానికి ఎంతసేపు?”

“మూస్తే, యుద్ధం జరుగుతోందని ఒప్పుకున్నట్టు అవుతుంది టీచర్.”

“జరగడం లేదా?”

“ఉద్రిక్తతలు.”

“ఉద్రిక్తతలు అంత ఎత్తుకి ఎగురుతాయా?”

“నా చేతుల్లో లేదది. అది పై నిర్ణయం.”

“నోట్లో ఉంది కదా. ‘మన ఆకాశం ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది, ప్రజలు నిశ్చింతగా ప్రయాణాలు చేసుకోవచ్చు’ అని ముందురోజు టీవీలో చెప్పింది ఎవరు?”

“రాసిచ్చారు. నేను చదివాను.”

“చక్కగా చదివావు. ఎక్కడా తడబడలేదు. ఆ మంచం మీద కూర్చుని బట్టలు సర్దుకుంటూ మా పిల్ల అది చూసింది. ‘వెళ్ళకపోతే ఏం, సెలవు పెట్టరాదూ’ అన్నాను నేను. ‘చిలకే చెప్పింది కదా అత్తా, మన చిలక’ అంది.”

“...అలా అందా?”

“నవ్వుతూనే అంది. నవ్వుతూనే వెళ్ళింది.”

“టీచర్, నాకు తెలీదు. ఒట్టు, నిజంగా తెలీదు. నాకేం చెప్తారు వాళ్ళు? కాగితం చేతిలో పెట్టి కెమెరా ముందుకు తోస్తారు.”

“అందుకేగా మేము ఎంత నేర్పినా నీకు చిలక అనే పేరు పోలేదు. ఆ హెచ్చరికల సంగతేమిటి? పదేపదే అని రాశారు.”

“చేశారు. రికార్డు ఉంది.”

“రేడియోలో?”

“అవును.”

“ఏ రేడియోలో? సైనిక విమానాలు వినేదాంట్లోనా, ప్రయాణికుల విమానాలు వినేదాంట్లోనా?”

“అది సాంకేతిక విషయం టీచర్.”

“పక్కింటి తలుపు బాదేసి, నేను పలకలేదని నా ఇంటికి నిప్పు పెట్టడం సాంకేతిక విషయమా?”

“ఇవన్నీ మీకెవరు చెప్పారు?”

“ఏవి?”

“ఈ రేడియో సంగతి. బయటికి రాలేదిది. పత్రికలవాళ్ళకి కూడా తెలీదు. ఎవరు చెప్పారు టీచర్?”

“చెప్పిన మనిషి చెప్పాడు.”

“చెప్పాడా? మగవాడా? సైన్యంలో మనిషా? పేరు చెప్పండి. మీకు మంచిది కాదు ఇలాంటివి దాచడం.”

“నన్ను బెదిరిస్తున్నావా?”

“లేదు. అయ్యో, లేదు. మీ మంచికే అంటున్నాను.”

“నా మంచి ఆ విమానంలో వెళ్ళిపోయింది. ఇంకేముందని బెదిరిస్తావు?”

“...ఆ పనిమనిషి ఇంకా కడుగుతూనే ఉందా? మనం మాట్లాడేవన్నీ వినపడతాయేమో.”

“వినపడతాయి. తలుపు తీసే ఉంది.”

“తలుపు వెయ్యనా?”

“వద్దు.”

“టీచర్, ఒక మాట. పైవాళ్ళు నాతో ఒకటి చెప్పి పంపారు. మన బడి ఉన్న వీధి ఉంది కదా, దానికి నిచ్చెన పేరు పెడతారట. రాతిపలక కూడా చెక్కుతున్నారు. మీరు ఊఁ అంటే చాలు.”

“తప్పు దానిది, వీధీ దానిదేనా?”

“గౌరవం కదా.”

“పైలట్ వల్లే ఇంత జరిగిందని రేపు చదువుతావు. ఎల్లుండి వీధికి దాని పేరు. ఆ వీధిలో అడుగు పెడితే ఎక్కడ తేలతామో అని జనం భయపడరూ?”

“మీతో మాట్లాడలేం.”

“మాట్లాడలేవు. చదవగలవు. ఆ వాక్యం తీసెయ్యమని చెప్పు చిలకా. నాకు వీధి వద్దు, పలక వద్దు. సమాధానం లేదు, గందరగోళం అనే ఆ వాక్యం తీసేసి, ఏం జరిగిందో అది పెట్టమను. నేను అడిగేది అదొక్కటే.”

“అది తీస్తే ఇంకేదో పెట్టాలి టీచర్. ఎవరో ఒకరిది కావాలి కదా తప్పు. బతికున్నవాళ్ళ పేరు పెట్టలేం. బతికున్నవాళ్ళకి ఉద్యోగాలు, పిల్లలు, కోర్టులు ఉంటాయి. పోయినవాళ్ళకి... కోపగించుకోకండి. పోయినవాళ్ళకి నొప్పి తెలీదు.”

“ఈ ముక్క కూడా రాసిచ్చారా, నీ సొంతమా?”

“నా సొంతం. కోపం తెచ్చుకోకండి టీచర్, ఒక్కసారి ఆలోచించండి. నిచ్చెన నాకు తెలీదా? ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మన బడి పద్ధతి గుర్తుందిగా. ఎవరైనా ఏదైనా పాడుచేస్తే మీరు అందర్నీ నిలబెట్టేవారు. చేసినవాళ్ళు ముందుకొచ్చేదాకా ఎవరూ కూర్చోకూడదు.”

“గుర్తుంది. ముందుకొచ్చినవాళ్ళని కొట్టేదాన్నా?”

“లేదు. వాళ్ళు ఆ పూట బడి మొత్తం తాగిన గ్లాసులు కడగాలి. కడిగాక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. అంతే.”

“అంతే.”

“ఎన్నిసార్లు ముందుకొచ్చింది అది, తను చెయ్యకపోయినా? చిన్న క్లాసు పిల్లలు నిలబడలేక వాలిపోతుంటే చూడలేక, ‘నేనే టీచర్’ అని వెళ్ళిపోయేది. మోచేతుల దాకా సబ్బు నురగతో నవ్వుతూ వచ్చేది. దాని స్వభావమే అది. ఇప్పుడు ఉంటే ఇప్పుడూ ముందుకొచ్చేది. నన్నడిగితే అది కాదనదు.”

“బతికుంటే ఒప్పుకునేది అంటావు.”

“ఒప్పుకునేది.”

“బతికుంటే ఒప్పుకోవలసినదేమీ ఉండేది కాదు కదా.”

“...నేను చెప్పేది అది కాదు. ప్రార్థన హాలు కిటికీ అద్దం చంటి పగలగొట్టినప్పుడు ఎవరు వెళ్ళారు? అదేగా? వాడు వణికిపోతున్నాడని వాడికోసం వెళ్ళింది. అలాగే ఇప్పుడూ...”

“ఇప్పుడూ?”

“ఏం లేదు.”

“ఇప్పుడూ చంటి కోసమేనా, చిలకా?”

“నేనలా అనలేదు.”

“అన్నావు. నేను అడగలేదు. నువ్వే అన్నావు.”

“టీచర్...”

“చెప్పు. కాగితం చూడకుండా చెప్పు.”

“వాడికి పై నుంచి ఆర్డరు టీచర్. వాడి ముందున్న పట్టికలో ఆ వేళకి ఏ ప్రయాణికుల విమానమూ లేదు. రాదనే రాసి ఉంది. తెర మీద చుక్క కనిపించింది. వాడు ఫోన్ చేశాడు, పైనున్నాయన్ని అడిగాడు, మళ్ళీ అడిగాడు. ‘అడిగింది చాలు, కొట్టు’ అన్నారట. వాడేం చేస్తాడు? చేతిలో ఏముంది వాడికి?”

“బటన్ ఉంది.”

“అలా అనకండి టీచర్... ఆ మాట అనకండి.”

“ఏడవకు. కొంగుతో కాదు, ఆ బల్ల మీద రుమాలుంది. తీసుకో.”

“వాడికి పతకం ఇస్తున్నారు. అప్రమత్తతకట. వద్దంటే అనుమానం వస్తుందట, తీసుకోవాలట.”

“ఎక్కడ పెడతారు, నొక్కిన వేలికా?”

“ఛాతీకి.”

“ఛాతీ ఏం చేసింది పాపం.”

“నవ్వకండి టీచర్. వాడు నా చేతుల్లో పెరిగాడు. అమ్మ పోయినప్పుడు వాడికి బొత్తాలు పెట్టుకోవడం కూడా రాదు. వాడి పేరు బయటపడితే ఏమవుతుందో మీకు తెలీదు. గడ్డం గీసుకున్నాయన్ని ఎవరూ ముట్టుకోరు. ‘కొట్టు’ అన్నాయన్ని ముట్టుకోరు. అందరూ కలిసి వాడి నెత్తిన వేసి చేతులు కడుక్కుంటారు. నేను ఆ కాగితం చదివేది మంత్రుల కోసమనుకున్నారా?”

“అనుకోలేదు.”

“మరెందుకు నన్నిలా ఆడిస్తున్నారు?”

“చేతులు కడుక్కోనివ్వకూడదు. ఆ మాట నిజం. అందరి నోళ్ళూ తెరిపించాలి, మీ పెద్దమనిషిది, ఆయన పైనున్న పెద్దమనిషిది, వరసగా. కోర్టులో తెరిపించాలి. దానికి ముందు ఒక్క నోరు తెరుచుకోవాలి. అది ఒంటరిగా తెరుచుకోకూడదు, పక్కన మనుషులుండాలి. చంటి ఎక్కడున్నాడన్నావు?”

“ట్రైనింగు.”

“చిలకా.”

“...తెలీదు.”

“తెలీదా?”

“నిన్నటి నుంచి శిబిరంలో లేడు. ఫోను తీయడు. వాడి పెట్టె అక్కడే ఉందట, బెల్టుతో సహా. వాళ్ళు నన్నడుగుతున్నారు, నేను ఎవర్నడగను? ఏరు వైపు వెళ్ళి చూశాను. ఆసుపత్రుల్లో చూశాను. ఏమైనా చేసుకున్నాడేమోనని... కుర్చీల కోసం రాలేదు టీచర్ నేను. కుర్చీల కోసం గుమాస్తాని పంపేదాన్ని. చిన్నప్పుడు భయమేస్తే వాడు మీ ఇంటికే పరిగెత్తేవాడు. అందుకని వచ్చాను. అడగడానికి నోరు రాలేదు.”

“అడగడానికి నోరు రాలేదు నీకు. ప్రకటన చదవడానికి మాత్రం వచ్చింది.”

“కొట్టండి. కొట్టినా పడతాను. చూశారా వాడిని?”

“పొద్దున అందరూ ఇక్కడ నిలబడి ఉన్నారు. కూర్చోమంటే ఎవరూ కూర్చోలేదు. రేపటి సభకి వెళ్ళాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు ఒకతను మెట్లెక్కి వచ్చాడు. నువ్వున్న చోటే ఆగాడు. ‘నేనే’ అన్నాడు.”

“టీచర్...”

“గ్లాసు తగిలింది వాడి నుదుటికే. తుడుచుకోలేదు. రెండో పైలట్ తల్లి అడిగింది, ‘ఎవరు చెప్తే చేశావు?’ అని. చెప్పాడు. ఫోనులో ఏమన్నారో చెప్పాడు, ఏ రేడియోలో పిలిచారో చెప్పాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాడు. రేపు అందరి ముందూ చెప్తానన్నాడు. ఎవరూ క్షమించలేదు. క్షమించమని వాడూ అడగలేదు. కానీ ఒక్కొక్కరే కూర్చున్నారు. నేల మీదే. తెల్ల గుడ్డలు లేవు, అయినా కూర్చున్నారు.”

“తర్వాత? తర్వాత ఎటు వెళ్ళాడు?”

“రేపు నువ్వు ఆ కాగితం చదువుతావా?”

“ఎటు వెళ్ళాడో చెప్పండి టీచర్.”

“కుర్చీకి పేరు అడిగావుగా. పాస్ మీద రాయడానికి.”

“ఏ కుర్చీ? ఇప్పుడు కుర్చీ ఏమిటి... టీచర్, లోపల గ్లాసులు కడుగుతోంది ఎవరు?”

“చంటీ, ఇక చాల్లే నాయనా, కడిగినవే కడుగుతున్నావు. చేతులు తుడుచుకుని ఇలా రా. మీ అక్క వచ్చిన దగ్గర్నించీ నిలబడే ఉంది.”